ఆరు కుందేళ్ళకూ పసుపు

"ఎవులు రాసినారు ఈ పసుపు?"

"నానే రాసాను. ఏటయ్యిందిప్పుడు? ఈపులు పుండ్లు పడిపోయి మూలుగుతన్నాయి మూగజీవాలు. నువ్వు సుక్కంత రాసి ఒగ్గీసినావు, నాను నిండా పట్టించాను."

"అప్పా, నాను రాసింది పసుపు కాదు. అది గుర్తు. ఏ కుందేలు ఏదో తెల్డానికి ఏసుకున్న రంగు మందు."

"గుర్తయితే గుర్తని సెప్పాల. ఇంట్లో తెచ్చి పెట్టినదానివి ఇంటిదానికి సెప్పొద్దేటి?"

"ముట్టుకోకు అని సెప్పాను కదా."

"ముట్టుకోకుండా మేతెలా ఎయ్యడం, గూళ్ళెలా కడగడం? పొద్దున పోయి పొద్దోయి వత్తావు. నువ్వేటి సేత్తన్నావు వాటికి, సూదులు పొడవడం తప్ప?"

"నాలుగు నెల్ల పని పోనాది. మళ్ళా మొదలెట్టడానికి టైము నేదు నాకు."

ఈ మాటలు అనుకున్నది నేనూ నా చెల్లెలూ, పూర్ణా మార్కెట్ వెనక సందులో మేం అద్దెకున్న ఇంటి పెరట్లో, నలభై ఏళ్ళ కిందట. మొన్నామధ్య మా మనవరాలు తన కుక్క కాలికి కుట్లు వేయించి తెచ్చింది. అది కుయ్యోమంటుంటే చూడలేక నేను వంటింటి వైపు లేచాను. ఉద్యోగం విరమించి ఇప్పుడు తీరిగ్గా మా ఇంటికి వచ్చి పోతూ ఉన్న మా చెల్లి నాకంటే ముందు వెళ్ళి పసుపు డబ్బా తీసి నా చెయ్యి అందని పై అరలో పెట్టేసి, మళ్ళీ వచ్చి కూర్చుని పేపరు చదువుకుంది. మనవరాలికి ఏమీ అర్థం కాక మా ఇద్దరి మొహాలూ చూసింది. దానికి చెప్పిందే మీకూ చెబుతున్నాను. మూడో తరగతితో బడి మానేసిన దాన్ని. వాక్యం ఎక్కడైనా వంకరపోతే మనవరాలు సరిచేస్తుంది గాని, సంగతి మాత్రం నాదే, అందులో దాన్ని వేలు పెట్టనివ్వను.

మాది పద్మనాభం వైపు పల్లె. నాన్నకు కాస్త పొలం, నాలుగు ఆవులు. చెల్లి పుట్టిన ఏడాదికి అమ్మకు కాలు వాచి, ఆ వాపు తగ్గడం మానేసి బోదకాలుగా నిలిచిపోయింది. అప్పట్లో మా వైపు ఏ వీధిలో చూసినా అలాంటి కాళ్ళు ఒకటో రెండో కనబడేవి; జనం దాన్ని జబ్బు అనుకోవడం కూడా మానేశారు. అమ్మ ఎక్కువ దూరం నడవలేదు గనుక నేను బడి మాని, చెల్లిని చంకన వేసుకుని ఆవుల వెంట తిరిగాను. పెళ్ళయి విశాఖపట్నం వచ్చాక, మా ఆయన పోర్టులో క్రేను మీద పనిలో కుదురుకున్నాక, చెల్లిని మా దగ్గరకు తెచ్చేసుకున్నాం. అది చదువుతూ పోయింది, నేను ఆపలేదు, అంతే. అది సైన్సులోకి అమ్మ కాలు చూసి వెళ్ళిందో, లెక్కలంటే భయపడి వెళ్ళిందో నేను ఎన్నడూ అడగలేదు, అది చెప్పలేదు.

దాని పరిశోధన ఏమిటో నాకు తెలిసినంత మేరకు చెబుతాను. బోదకాలు తెచ్చేది దారం లాంటి సన్నటి పురుగు. అది ఒంట్లో దూరినప్పుడు మన రక్తం దాన్ని పట్టుకోవడానికి తనలో తానే ఒక విరుగుడు తయారు చేసుకుంటుందట. ఆ విరుగుడు పురుగులోని ఏ ముక్కను గుర్తుపడుతుందో తేల్చితే, కాలు వాచకముందే చుక్క రక్తంతో జబ్బు కనిపెట్టవచ్చునని దాని ఆశ. మనుషుల్లోని పురుగు అంత సులువుగా దొరకదు. దానికి వరసైన పురుగే పశువుల కడుపుల్లో ఉంటుందని, మా చెల్లి తెల్లవారకుండా కబేళాకు పోయి, అక్కడివాళ్ళు కోసిన పొట్టల్లోంచి తెల్లదారాల్లాంటి ఆ పురుగులు ఏరుకుని సీసాలో వేసుకుని వచ్చేది. ఆవుల్ని మేపుకుని బతికిన ఇంటి పిల్ల. మొదటి రోజు నేను గుమ్మంలో అడ్డం నిలబడి, పెరటి దారిన పోయి తలంటుకుంటే గాని లోపలికి రానివ్వనన్నాను. ఆ తరవాత ఏడాది పొడుగునా అది చెప్పకుండానే పెరటి దారిన వచ్చేది. నేను చెప్పకుండానే నీళ్ళు కాచి ఉంచేదాన్ని. మా మధ్య ఒప్పందాలన్నీ అలాగే కుదిరేవి.

ఆ పురుగుల్ని నూరి తీసిన నీళ్ళను ఒక నూనె మందులో కలిపి కుందేళ్ళకు సూదులు వేసేది. మొత్తం ఆరు కుందేళ్ళు. నాలుగింటికి పురుగు కలిసిన మందు, రెండింటికి పురుగు లేని ఉత్త నూనె మందు. ఆ రెండూ ఎందుకంటే, తేడా తెలియడానికట. కాలేజీలో ఒక్కో కుందేలుకు ఒక్కో గూడు, గూటికి చీటీ ఉండేవి. ఆ ఏడు గాలివానకు కుందేళ్ళ గది పైరేకులు లేచిపోయాయి. బాగుచేసేవరకు మా ఇంట్లో ఉంచుకుంటానని చెల్లి వాళ్ళ గైడును అడిగి, రిక్షాలో వేసుకుని తెచ్చింది. మా దగ్గర ఉన్నవి మూడు గూళ్ళే. పోట్లాడుకోనివాటిని చూసి జతలుగా కలిపి ఉంచాల్సి రావడంతో, పురుగు మందు వేసిన నాలుగింటికి వీపు మీద, ఉత్త మందు వేసిన రెండింటికి చెవుల మీద పసుపచ్చ రంగు చుక్కలు పెట్టుకుంది.

నాకు మేత పని వచ్చింది. చెప్పకూడదు గాని నాకు అది నచ్చింది. పొద్దున్నే పూర్ణా మార్కెట్‌కు పోయి, కొట్ల ముందు పారేసిన క్యాబేజీ పై రేకులు, ముల్లంగి ఆకులు గోనెలో ఏరుకుని వచ్చేదాన్ని. మొదట్లో నవ్విన కూరగాయలావిడే తరవాత నాకోసం పక్కన పెట్టడం మొదలుపెట్టింది. నెల తిరిగేసరికి సూది పొడిచిన వీపులు పుండ్లు కట్టాయి. రక్తం తీసిన చెవులు ఎర్రబడ్డాయి. సరిగ్గా ఆ చోట్లలోనే పసుపచ్చ చుక్కలున్నాయి. మా చెల్లి పసుపు రాసింది గాని, నా పెంపకంలో పెరిగిన పిల్ల కాబట్టి మరీ పొదుపుగా రాసిందని నేను అనుకున్నాను. పొదుపు మంచిదే గాని, మందు దగ్గర కాదు. పచ్చి పసుపు నూరి, వేపనూనె కలిపి, ఆరింటికీ వీపూ చెవులూ నిండా పట్టించాను. ఆ మధ్యాహ్నమే మా చెల్లి వచ్చి చూసింది.

"పుండ్లున్నవే కదేటే సూది పొడిసినవి? సూసుకో," అన్నాను నేను, గొంతు తగ్గించకుండానే.

"ఆరింటికీ పొడిసాను అప్పా. రెండిటికి ఉత్త నూనె. పుండ్లు అన్నిటికీ ఒత్తాయి."

మా ఆయన అప్పుడే డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుకుంటున్నారు. పెరట్లోకి తొంగి చూసి, "ఏటిది? ఆరు పెళ్ళికూతుర్లని తయారుసేసీసింది మీ అప్ప. పెళ్ళికొడుకులేరి?" అన్నారు.

మామూలుగా అయితే బావ మాటకు చెల్లి నవ్వేది. ఆ రోజు గూడు మీద చెయ్యి వేసుకుని కిందకు కూలబడింది. అప్పుడు గాని నాకు విషయం ఎక్కలేదు. దాని స్కాలర్‌షిప్పు ఆ ఏడాదితో ఆఖరు. ఈ కుందేళ్ళ మీద పని తేలకపోతే, మళ్ళీ పురుగులు ఏరి, మళ్ళీ నాలుగు నెలలు సూదులు వేయడానికి వ్యవధి లేదు. పరిశోధన వదిలి ఏదో ఒక ఊళ్ళో టీచరు పని చూసుకోవడమే. ఏవో రెండు కుందేళ్ళు అటూ ఇటూ అనుకుని రాసేస్తే ఎవరికీ తెలియదు గాని, ఆ మాట అది అనలేదు, నేను అననివ్వను.

నేను గూళ్ళు తెరిచి, ఆరింటినీ ఒక్కొక్కటిగా పట్టుకున్నాను. ఆవుల మధ్య పెరిగిన మనిషికి జీవం జీవానికి తేడా కనబడుతుంది. "సెవుల మీద సుక్కలున్నవి రెండే కదా? ఆ రెండూ ఏవో నాకు తెల్సు. ఇదుగో, ఇది మేత ఎయ్యగానే ముందు నీళ్ళకి పోతాది, తరవాతే తింటాది. ఇంకోటి సీపురు కనపడితే ఎనక కాలు దబదబ కొడతాది. మిగతా నాలుగు ఆ పనులు సెయ్యవు. నెల్లాళ్ళు మేపాను, నాకు తెల్దేటి?"

"అప్పా, నీ మాట మీద నాను థీసిస్సు రాస్తే నవ్వుతారు."

"నా మాట నమ్మమని నాననలేదు. రాసుకో ముందు. తరవాత రగతాన్నే అడుగు."

చెల్లి లేచి కాగితం, పెన్నూ తెచ్చుకుంది. అప్పుడు దాని మొహంలోకి మళ్ళీ ప్రాణం వచ్చింది. నా పాత చీర చెంగు చించి ఆరు పీలికలు చేశాను. ఒక ముడి, రెండు ముళ్ళు, అలా ఆరు ముళ్ళ దాకా వేసి వాటి మెడలకు కట్టాం. రెండు ముళ్ళదీ, అయిదు ముళ్ళదీ ఉత్త నూనెవి అని నేను చెబుతుంటే అది కాగితం మీద రాసి, మడిచి, అన్నం మెతుకుతో అంటించింది. నేను ఒక్కొక్క కుందేలునూ గుడ్డలో చుట్టి పట్టుకుంటే, చెవి నరంలోంచి కాస్త కాస్త రక్తం తీసుకుని కాలేజీకి బయలుదేరింది. తప్పు నాది గనుక నేనూ వెళ్ళాను.

వాళ్ళ గైడు మాట పొదుపు మనిషి. జరిగింది చెల్లి దాచకుండా చెప్పింది, పసుపుతో సహా. ఆయన అంతా విని, కాగితం తీసి తన జేబులో పెట్టుకుని, "ఈ రక్తాల్ని గాజుపలక మీద పరీక్షకు పెట్టు. రేపు అది చూశాక దీన్ని విప్పుదాం. రెండూ కలిస్తే నీ కుందేళ్ళు నీవి. కలవకపోతే ఈ ఆరింటినీ లెక్కలోంచి తీసెయ్యి. అమ్మా, మీరు కూడా రేపు రండి," అన్నారు.

చెల్లి సముద్రపు నాచుతో చేసిన జిగురును గాజుపలక మీద జున్నులా గడ్డకట్టించి, మధ్యన ఒక గుంట, చుట్టూ ఆరు గుంటలు చేసి, మధ్య గుంటలో పురుగు నీళ్ళూ, చుట్టూ ముళ్ళ లెక్క వరసలో ఆరు రక్తాల తేటలూ పోసి మూత పెట్టింది. విరుగుడు ఉన్న రక్తం పురుగును కలుసుకున్న చోట తెల్లటి గీత కడుతుందని, అది కట్టడానికి రాత్రంతా పడుతుందని చెప్పింది. నేను ఇంటికి వచ్చి వంట చేసి, తిని, పడుకున్నాను. నాకు అనుమానం లేదు.

ఆ తరవాత మా చెల్లి చాలా దూరం వెళ్ళింది. ఆ కుందేళ్ళ రక్తపు తేటనే వలగా వేసి, పురుగులోని జన్యువులను ఏరడం నేర్చుకుంది. తనకంటూ గది, తన కింద పరిశోధన చేసే పిల్లలు, దేశం నలుమూలల నుంచి ఉత్తరాలు. ఒకసారి నన్ను ఆ గదికి తీసుకెళ్ళింది. ఇప్పుడు జంతువు చెవిలో చిన్న రేకు, గూటికి నంబరు, కంప్యూటరులో దాని పుట్టుపూర్వోత్తరాలు. ఎవరి పసుపూ దాన్ని చెరపలేదు. మంచిదే. మా వైపు వీధుల్లో ఇప్పుడు అలాంటి కాళ్ళు అరుదుగా కనబడుతున్నాయి, అది ఇంకా మంచిది. అయితే ఆ పిల్లలు నంబరు చదివి గూడు మూసేస్తున్నారే గాని, లోపల ఉన్నదాని వైపు చూడటం లేదు. ఏది ముందు నీళ్ళు తాగుతుందో అడిగితే ఒకరూ చెప్పలేకపోయారు. చూడవలసిన అవసరం వాళ్ళకి తీరిపోయింది. మా అమ్మ ఈ గది చూడలేదు. చూసి ఉంటే ఆవిడా అదే అడిగి ఉండేది.

ఆ పలక పెట్టిన మర్నాడు పొద్దున్న, మేం ముగ్గురం చూస్తుండగా, చెల్లి దాని మూత తీసి కిటికీ వెలుతురుకు పట్టింది. ఒకటి, మూడు, నాలుగు, ఆరు గుంటల ముందు తెల్లటి గీతలు ఉన్నాయి. నాలుగోది కాస్త పల్చన. రెండూ, అయిదూ ఖాళీ. గైడు కాగితం విప్పి చదివి, పలక చూసి, మళ్ళీ కాగితం చూశారు. నోటుబుక్కులో ఆ కాగితం అంటించమని చెల్లికి చెప్పి, దాని కింద పెన్నుతో ఒక మాట రాసి, పక్కన చిన్న గీత గీసి, "గుర్తించినవారు అని రాశాను. ఇక్కడ మీ సంతకం పెట్టండమ్మా," అన్నారు. నేను కొంగుకు చేతులు తుడుచుకుని, పెన్ను తీసుకుని, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుంటూ నా పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా రాశాను.