కుదింపుగారి తలుపు

ఆస్పత్రిలో కంప్యూటర్లు చూసే ఆయన్ని అందరూ కుదింపుగారనేవారు. పట్టనివాటిని పట్టించడమే ఆయన జీవితాశయం. ఇంట్లో సూట్‌కేసు మూతపడకపోతే భార్యని పక్కకి జరిపి, సింహాసనం అధిష్ఠించినంత గంభీరంగా తనే ఎక్కి కూర్చునేవాడు.

డిస్కు నిండిపోతోందని పైవాళ్ళు గోలపెడితే, ఎక్స్‌రే బొమ్మల్ని కుదించే ఏర్పాటు చేశాడు. ముందు విరిగిన ఎముకల మీద పరీక్షించాడు. కుదించినా విరుపు విరుపులాగే ఉంది. ఎముకకి పనికొచ్చింది రొమ్ముకి పనికిరాదా అని ఆ బొమ్మల్నీ అందులో కలిపేశాడు. కుదించినవి డాక్టరుకి వెళ్ళేవి. అసలువి సాయంత్రం అయిదింటికి వాటంతటవే చెరిగిపోయేవి.

ఒకరోజు ఆయన భార్యే రొమ్ము బొమ్మ తీయించుకుంది. రెండు పలకల మధ్య పెట్టి నొక్కి తీసింది ఆ మిషను నడిపే ఉద్యోగి, ఆవిడ సొంత అక్క.

"ఇంకోసారి దీంట్లో పెట్టావంటే నీ పీక నొక్కుతానే అక్కా!" అని ఒట్టేసి మరీ ఇంటికి పోయింది చెల్లెలు.

డాక్టరు ఏమీ లేదన్నాడు. కానీ తీసేటప్పుడు అక్క తన తెరమీద ఉప్పురవ్వల్లాంటి తెల్లచుక్కల గుంపు చూసింది. డాక్టరు తెరమీద ఆ చోటు అలికినట్టుంది. ఆమె మిషనేమో పంపేసిన బొమ్మని దాచుకోదు. ఆమె విసురుగా మేడ దిగి కుదింపుగారి గదికి వచ్చింది.

"నా చెల్లెలి చుక్కలేవి, మరిదీ?"

"కుదిస్తే సన్నవి కొన్ని పోతాయి వదినా. కంటికి తేడా తెలీదు."

వదిన కీబోర్డెత్తి ఆయన నెత్తిన రెండు ముక్కలు చేసింది. మీటలు వడగళ్ళలా రాలాయి.

"ఇప్పుడు తెలిసిందా తేడా?"

తెలిసింది. నెత్తురు కంట్లోకి కారుతుండగా గడియారం చూశాడు. అయిదు కావస్తోంది. చెరపడం ఆపమని చెప్పడానికి కీబోర్డు లేదు. బొమ్మలుండే యంత్రం గదికి తాళం. తాళంచెవి సెలవులో ఉంది, అధికారితో సహా.

చీమకి కూడా దారిచ్చే కుదింపుగారు నిప్పులార్పే సిలిండరు పెరికి తలుపుని బాదాడు. దొంగనుకుని కాపలాదారు ఆయన వీపుని బాదాడు. వదిన కాపలాదారుని బాదింది. ఆ వసారాలో కాసేపు ఎవరి ధర్మం వాళ్ళు నిర్వర్తించారు. తలుపు విరిగింది, దాంతోపాటు ఆయన మణికట్టూ. రెండో చేత్తో, తను బిడ్డలా సాకిన యంత్రం తీగలన్నీ పేగులు లాగినట్టు లాగేశాడు. ఆస్పత్రి తెరలన్నీ నల్లబడ్డాయి.

మర్నాడు అసలు బొమ్మ చూసి డాక్టరు ఆ చుక్కల్ని వేలితో లెక్కపెట్టాడు. తర్వాత ముక్క పరీక్ష చేయించి, క్యాన్సరు వేళకి దొరికిందన్నాడు, ఆపరేషన్ చెయ్యాలన్నాడు. మణికట్టు బొమ్మలో విరుపు దివ్యంగా కనపడింది. కుదింపుగారి ఉద్యోగం మాత్రం కనపడలేదు.

ఆపరేషన్‌కి వెళ్ళే ముందు భార్య బట్టలు సర్దింది.

"మూతపడట్లేదు. ఎక్కి కూర్చోండి."

"వద్దులే. ఇంకో పెట్టె తెస్తా."

"చెయ్యి విరిగితేగానీ ఇంట్లో రెండో పెట్టె ఉన్నట్టు గుర్తురాలేదన్నమాట!"