ఆకు దూసిన మల్లె

మొన్న బుక్కరాయసముద్రం వెళ్లే సిటీ బస్సులో నా ముందు సీట్లో ఒకావిడ కూర్చుంది. తలలో మల్లెపూలు, నడుమ నడుమ మరువం. కిటికీలోంచి కొట్టిన వేడిగాలికి ఆ వాసన బస్సంతా పరుచుకుంది. నా పక్కాయన కళ్లు మూసుకుని హాయిగా పీల్చాడు. నాకు మాత్రం సన్నగా అసూయ మొదలైంది. ఆ పూలు ఎవరి చెట్టువో, అది మా చెట్టు కంటే బాగా పూస్తుందేమో అని. ఈ జబ్బు నాకు తొంభైల చివర్లో, పెళ్లయిన కొత్తలో, అనంతపురంలో పట్టుకుంది. అంటించిన మనిషి పేరు సరోజమ్మ టీచరు.

అప్పట్లో నేనొక ప్రైవేటు కాలేజీలో కామర్సు చెప్పేవాణ్ణి. జీతం వచ్చే నెలలు కొన్ని, రాని నెలలు కొన్ని. రెంటినీ ఒకే మనసుతో స్వీకరించడం మా యాజమాన్యం నేర్పిన వేదాంతం. మేముండే ఇంట్లో రెండు పోర్షన్లు. ఒక దాంట్లో నేనూ, నా భార్య రుక్మిణీ. ఇంకో దాంట్లో, కంబదూరు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన సరోజమ్మ టీచరు. పెళ్లి చేసుకోలేదు. వినయం అలవాటు చేసుకోలేదు. రెండు పోర్షన్లకూ ఒకటే కొళాయి, అదీ తనకు బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది. అదే ఎండ, అదే ఎర్రమట్టి. అయినా ఆమె వైపు పగిలిన కడవల్లో టమాటాలు, నూనె డబ్బాల్లో మిరపచెట్లు, పాత టైరులో కొత్తిమీర, గోడంతా కాకరతీగ, వాకిలి పక్కన కనకాంబరాలు, మల్లె, మరువం. మా వైపు బండలు. చాలా శుభ్రమైన బండలు.

విత్తనం కొనడమంటే ఆమెకు అవమానం. మార్కెట్లో పండిపోయిందని పక్కన పడేసిన కాకరకాయే ఆమెకు విత్తనాల పొట్లం. తన స్నానం నీళ్లు కనకాంబరాలకు, కూరగాయలు కడిగినవి టమాటాలకు, బియ్యం కడిగినవి మరువానికి. అవి చాలక మా ఇంటి నీళ్ల మీద కూడా అజమాయిషీ ఆమెదే.

“ఏమే రుక్మిణీ, బియ్యం నీళ్లు పారబోసినావా ఏమి?” అని పొద్దున్నే కేక వినిపించేది.

“లేదు టీచరమ్మా, తెస్తాండా!”

రుక్మిణి చెంబు నిండా నీళ్లు తీసుకెళ్లేది, తల నిండా పూలతో తిరిగి వచ్చేది. సాయంత్రం నేను కాలేజీ నుంచి రాగానే ముందు కనిపించేవి ఆ పూలే. “బాగుండాయి కదా?” అని అడిగేది. “బాగున్నాయి” అనేవాణ్ణి. ఆ ఒక్క మాట అనడానికి నేను పడ్డ శ్రమ మూడు క్లాసులు చెప్పినా పడేవాణ్ణి కాదు. కట్టుకున్నదానికి పూలు తేవడం మొగుడి పని అని నా నమ్మకం. రోజూ కొనడానికి నా జీతానికి క్రమశిక్షణ లేదు. కాబట్టి పెంచాలి. ఒక్క రోజైనా రుక్మిణి మా చెట్టు పూలు పెట్టుకోవాలి. వాటిని టీచరు చూడాలి. రెండోది మరీ ముఖ్యం.

స్నేహితుడి ఇంటి నుంచి మల్లె అంటు తెచ్చి, ఎవరో పారేసిన సిమెంటు తొట్టిలో నాటాను. నా స్నానం తగ్గించుకుని దానికి పోశాను. కాలేజీలో నా పక్కన కూర్చునేవాళ్లు కొంచెం దూరం జరిగినా, చెట్టు మాత్రం దట్టంగా పెరిగింది. పోస్టుమాను సైకిలు దిగి మరీ మెచ్చుకున్నాడు. ఎండాకాలం వచ్చింది, పోయింది. ఒక్క మొగ్గ రాలేదు. నా చెట్టులో సగం కూడా లేని టీచరు మల్లె బుట్టలకు బుట్టలు పూసింది.

ఆ చలికాలం ఒకరోజు టీచరు వచ్చి నా తొట్టి పక్కన నిలబడింది.

“ఏమప్పా, చెట్టు పెంచుతాండావా, అల్లుణ్ణి మేపుతాండావా?”

“బాగుంది కదా టీచర్?”

“బాగుండాది. అందుకే పూయలేదు. నీళ్లు మాన్పించు. మట్టి బాగా ఎండల్ల. ఆ పైన కొమ్మలు కత్తిరించి, ఆకంతా దూసెయ్. ఒక్కటి మిగలగూడదు.”

“చచ్చిపోదా?”

“నీళ్లు లేకుంటే చచ్చేదైతే, ఈ జిల్లాలో నువ్వూ నేనూ యాడ ఉంటాం?”

నేను మర్యాదగా తలూపాను. పోటీ చెట్టును చంపమని ఇంత బహిరంగంగా సలహా ఇచ్చే మనిషిని కామర్సు పుస్తకాల్లో కూడా చూడలేదు. మరుసటి రోజు నుంచి ఇంకో చెంబు ఎక్కువ పోశాను.

“ఆమె చెప్పినట్ల చేస్తే ఏం పోతాది?” అంది రుక్మిణి.

“చెట్టు.”

ఇంతలో ఏదో శిక్షణ అని కాలేజీవాళ్లు నన్ను కొన్ని వారాలు తిరుపతి పంపారు. తిరిగి వచ్చి గేటు తీస్తే తొట్టిలో చెట్టు లేదు. నాలుగు పుల్లలున్నాయి. దాని ముందు మెట్టు మీద ఆడవాళ్లిద్దరూ కూర్చుని టీ తాగుతున్నారు. ఇద్దరి వేళ్లకూ పచ్చటి మరకలు.

“చంపేశారు కదా టీచర్” అన్నాను. సంచి దించడం కూడా మరిచాను.

“ఇన్నాళ్లూ జోకొట్టింది నువ్వు. మేము నిద్ర లేపినాము” అంది టీచరు.

“ఆమెనేం అనొద్దండి, నేనే పిలిచినా” అంది రుక్మిణి. “మన చెట్టు పూలు పెట్టుకోవల్లని మీకొక్కరికే ఉండాదా?”

అంతవరకూ ఆ కోరిక నా సొంత ఆస్తి అనుకున్నాను. సంచి లోపల పెట్టి వచ్చాను. అప్పటికే టీచరు తొట్టిలో మట్టి గుల్ల చేసి, ఎండిన పేడ, వాడేసిన టీపొడి కలుపుతోంది. “ఇప్పుడు పొయ్యి నీళ్లు” అంది. పోశాను.

ఆ తర్వాత నేను పొద్దున పళ్లు తోముకునే చోటు తొట్టి దగ్గరికి మారింది. ఉగాది దగ్గర పడేసరికి పుల్లల నిండా చిగుళ్లు, చిగురు చివరల్లో బియ్యపు గింజంత మొగ్గలు.

మొదటి కోత నాడు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడ్డాను. రుక్మిణి మాల కట్టి, రెండు ముక్కలు చేసి, పెద్దది పట్టుకుని నేరుగా టీచరు దగ్గరికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను.

“మా చెట్టువి టీచరమ్మా.”

టీచరు ఒక మొగ్గను గిల్లి చూసింది. వాసన చూసింది. తన చెట్టు వైపు ఒకసారి చూసి, మళ్లీ మాలను చూసింది.

“నా వాటికంటే లావుగా ఉండాయే” అంది మెల్లగా. తర్వాత గొంతు తగ్గించి నన్నడిగింది. “నాకు తెలీకుండా ఏం పోసినావప్పా దీనికి?”

ఆ చూపు నాకు బాగా పరిచయం. అప్పటికి ఏడాదిగా రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తున్నదే. ఉద్యోగంలో శాలువాలు ఎవరూ కప్పలేదు గానీ, నాకు జరిగిన సన్మానం అది.

కొన్నేళ్లకు టీచరు పోయారు. మేము సొంత ఇంటికి మారేటప్పుడు ఆమె మరువం ఉన్న పగిలిన కడవను రుక్మిణి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. ఇప్పుడు చలికాలం రాగానే మల్లెకు నీళ్లు మాన్పి ఆకు దూసేది నేనే. దూసిన ప్రతిసారీ ఈసారి చచ్చిపోతుందనే అనుకుంటాను. పూసినప్పుడు రుక్మిణి ఆ మరువం కలిపి మాల కడుతుంది. పెళ్లిళ్లలో ఆమె పక్కన కూర్చున్నవాళ్లు ముందుగా అడిగేది ఒకటే మాట: “మరువం యాడిదక్కా, ఇంత వాసన!” అంత కష్టపడి పూయించిన మల్లెల ఊసు ఎవరూ ఎత్తరు. నేను పక్కన నిలబడి నవ్వుతుంటాను, బాగా శ్రమపడి.

పొద్దున బియ్యం కడిగిన నీళ్లు మాత్రం ముందు ఆ కడవకే పోస్తాను.