ఆగింది నెట్ కాదు

మీ దగ్గరున్న మెడికల్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టిన డాక్టరు మిమ్మల్ని ఒక్కసారైనా చూశాడా?

నన్ను చూడలేదు. చూడకుండానే నేను వాహనం నడపడానికి తగినదాన్నని రాసిచ్చాడు. రాయించుకున్నది నేనే. తాయెత్తులు కట్టుకునేవాళ్లను ఎన్నో హేతువాద సభల్లో నిలదీసినదాన్ని, ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో భద్రంగా దాచుకున్నాను. తర్వాత ఒక మనిషి కాలు నుజ్జయింది.

నాకు నలభై ఆరేళ్లు. హైటెక్ సిటీలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్ నడుపుతాను. ఉండేది పుప్పాలగూడలో. పదిహేనేళ్లు మోటార్‌సైకిల్ నడిపాను. ప్రమాదం జరిగిన ఏడాది, కలిసి బళ్ల మీద తిరిగే స్నేహితులం ఆరుగురం ఇండొనేషియా వెళ్లాలనుకున్నాం. బాలిలో బళ్లు అద్దెకు తీసుకుని లోంబాక్, సుంబావా దీవులు దాటి ఫ్లోరెస్ దాకా. దీవికీ దీవికీ మధ్య బళ్లతో సహా ఎక్కించుకునే ఫెర్రీలు, మొత్తం మూడు. ప్లానింగంతా నాదే.

ఏదో తేడాగా ఉందనిపించింది ఒక శనివారం ఉదయం, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. బండి మీద కూర్చుని హెల్మెట్ పెట్టుకోబోతుంటే కాలిన రబ్బరు వాసన వచ్చింది. మరుక్షణం చూస్తే వాచ్‌మన్ మల్లేశం నా ఎదురుగా ఉన్నాడు. మెదక్ వైపు నుంచి వచ్చినవాడు, వయసులో నాకన్నా పెద్ద. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో నాకు తెలియదు.

"ఏందమ్మా, గంతసేపటి సంది పిలుస్తున్న, పలుకుతలేవు?"

"ఏదో ఆలోచనలో ఉన్నాలే మల్లేశం."

"ఆలోచన జేసేటోళ్లు ఉత్తగనే నోరు నములుతరా? కండ్లు తెరిచే ఉన్నయి, నువ్వే లేవు. జర దవాఖానకు పోరాదు."

నవ్వి బండి తీశాను. ఇతనికేం తెలుసు అనుకున్నాను. అనుకున్న మాట అనుకున్నట్టే రాస్తున్నాను.

టూర్ కోసం ప్రతి బుధవారం సాయంత్రం వీడియో కాల్ పెట్టుకునేవాళ్లం. రాలేనివాళ్లు తర్వాత చూసుకోవడానికి రికార్డు చేసేవాళ్లం. రమణగారు మాలో పెద్ద. కాకినాడ మనిషి, ప్రభుత్వ శాఖలో ఇంజినీరు, తెల్లాపూర్‌లో ఉంటారు. "అరుణగారూ, మళ్లీ ఫ్రీజయ్యారండీ" అనేవారాయన. "అంత పెద్ద కంపెనీ మీది, ఇంటికో మంచి కనెక్షన్ పెట్టించుకోరేమండీ?" అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వేదాన్ని. ఆఫీసు మీటింగుల్లోనూ అదే మాట, మేడమ్, మీ వీడియో ఆగిపోయిందని. రూటర్ మార్చాను. అదీ చాలక బ్రాడ్‌బ్యాండ్ కంపెనీనే మార్చాను.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఫారాల్లో ఒక ప్రశ్న ఉంది: మూర్ఛ గానీ, హఠాత్తుగా స్పృహ తప్పడం గానీ ఉన్నాయా? నా పెన్ను ఆగింది. మల్లేశం మాట గుర్తొచ్చింది. ఒక్కసారి జరిగినదాన్ని సాక్ష్యమనరని నాకు నేనే వాదించుకుని, 'లేదు' దగ్గర టిక్ పెట్టాను. ఇలాంటి వాదన సభలో ఇంకెవరైనా చేసుంటే చీల్చి చెండాడేదాన్ని.

మెడికల్ సర్టిఫికెట్ల కోసం ఆరుగురి కాగితాలూ పట్టుకుని చందానగర్‌లో ఒక క్లినిక్‌కు వెళ్లాను. మిగతావాళ్లను ఎప్పుడు తీసుకురమ్మంటారని అడిగితే, "మనుషులెందుకు మేడమ్, ఆధార్ జిరాక్సులున్నయి కదా" అన్నాడు కౌంటర్లో కూర్చున్నతను. టీ తాగి వచ్చేలోపు ఆరు సంతకాలు అయిపోయాయి. పని సులువైందని సంతోషించాను.

ఫెర్రీ ప్రయాణంలో కష్టమంతా ఎక్కడంలోనే ఉంటుంది. ఇనుప ర్యాంపు తడిగా ఉంటుంది, మధ్యలో ఆగితే బండి జారుతుంది. లోపల బళ్లను దగ్గరదగ్గరగా నిలిపి బెల్టులతో కట్టేయాలి. ముందే ప్రాక్టీసు చేయాలని పట్టుబట్టింది నేనే. ఒక ఆదివారం ఉదయం తెల్లాపూర్ దగ్గర ఖాళీ జాగాలో లారీ పెట్టించి, వెనక ఇనుప పలక వాల్చి, దాని మీద నీళ్లు పోయించాను. రమణగారు ముందు ఎక్కారు. బండి స్టాండు వేసి, వెనక వంగి బెల్టు బిగిస్తున్నారు. తర్వాతి వంతు నాది. పలక మొదట్లో రబ్బరు వాసన వచ్చింది.

ఆ తర్వాత నాకు తెలిసింది అరుపే. నా చెయ్యి ఇంకా థ్రాటిల్ తిప్పే ఉంది. రమణగారి ఎడమకాలు రెండు బళ్ల మధ్య ఉంది.

"థ్రాటిల్ పట్టేసింది" అన్నాను. నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదే. అందరూ నమ్మారు.

"ఓపెన్ ఫ్రాక్చర్, ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. ఇన్ఫెక్షన్ రాకుండా చూడాలి" అన్నాడు ఆర్థోపెడిక్ డాక్టరు. ఇన్ఫెక్షన్ వచ్చింది. రెండో సర్జరీ చేశారు. ఈలోగా నా బండి విప్పి చూసిన మెకానిక్ ఫోన్ చేశాడు. "కేబుల్ మక్ఖన్ లెక్క నడుస్తుంది మేడమ్. బండిల ఏం ప్రాబ్లం లేదు."

బండిలో లేకపోతే మరెక్కడుంది? మళ్లీ ఫ్రీజయ్యారన్న మాట గుర్తొచ్చి ఆ రోజు లాప్‌టాప్ తెరిచి, మా కాల్స్ రికార్డింగులు పెట్టాను. మొదటి వీడియోలో లోంబాక్ ఫెర్రీ వేళలు చెబుతూ మాట మధ్యలో ఆగిపోయాను. కళ్లు తెరిచే ఉన్నాయి. పెదవులు సన్నగా కదులుతున్నాయి. నా వెనక సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. కర్టెన్ ఊగుతోంది. నలభై సెకన్లు అలా ఉండి, "ఆఁ, ఎక్కడున్నాం?" అని మళ్లీ మొదలుపెట్టాను. ఇంకో నాలుగు రికార్డింగులు చూశాను. మూడింటిలో అదే.

తప్పులు పట్టడమే నా ఉద్యోగం. సాక్ష్యం అడగడం నా అలవాటు. సాక్ష్యం నా లాప్‌టాప్‌లోనే ఉంటే నేను రూటర్లు మార్చుకుంటూ కూర్చున్నాను.

న్యూరాలజిస్టు ఆ వీడియో రెండుసార్లు చూశాడు. "నెట్ ఆగితే ఫ్యాన్ కూడా ఆగాలి కదమ్మా" అన్నాడు. "ఇవి ఫోకల్ సీజర్స్, మెదడులో ఒక చోట మొదలయ్యే ఫిట్స్. మీకొచ్చే రబ్బరు వాసన వాటికి మొదలు. ఆ తర్వాత జరిగేది మీకు తెలియదు. అందుకే పేషెంటు మాటకన్నా పక్కనుండి చూసినవాళ్ల మాట మాకు ముఖ్యం."

ఈఈజీ నార్మల్ వచ్చింది. దాన్ని పట్టుకుని వేలాడాను. "ఈఈజీ నార్మలైతే ఫిట్స్ లేవని కాదు" అన్నాడాయన. ఎంఆర్ఐలో దొరికింది. ఎడమ టెంపొరల్ లోబ్‌లో కాల్సిఫైడ్ గ్రాన్యులోమా. బద్దెపురుగు గుడ్లు ఎప్పుడో ఒంట్లోకి చేరి, మెదడులో మిగిల్చిన మచ్చ. నేను మాంసం తినను కదా అన్నాను. సరిగా కడగని పచ్చి కూరలతో కూడా వస్తుందన్నాడు.

"మరి బండి?"

"వద్దు. ఫారంలో అడిగే ఉంటారే?"

రిపోర్టులు తీసుకుని లేచాను.

మర్నాడు ఆసుపత్రిలో రమణగారి గదికి వెళ్లాను. ఆయన భార్య వసుంధరగారు మంచం పక్కన కూర్చుని బత్తాయి ఒలుస్తున్నారు. నిలబడే చెప్పాను. "థ్రాటిల్ పట్టలేదండీ. నాకు ఫిట్స్ వచ్చాయి."

ఆయన చూపు పైకప్పు వైపు తిప్పుకున్నారు. వసుంధరగారు అడిగారు: "మీకు ముందే తెలుసాండీ?"

"ఒకాయన చెప్పాడు. పట్టించుకోలేదు. ఫారంలో లేదని రాశాను."

"ఎవరు, డాక్టరా?"

"మా వాచ్‌మన్."

"డాక్టరు చెప్పుంటే వినుండేవారేమో" అన్నారు రమణగారు, పైకప్పు మీంచి చూపు తిప్పకుండానే. చెప్పిందెవరన్నది చూడొద్దు, చెప్పినదాంట్లో నిజమెంతో చూడమని ఇరవయ్యేళ్లుగా వ్యాసాల్లో రాస్తున్నదాన్ని. వసుంధరగారు బత్తాయి పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ఆవిడ నాతో మాట్లాడలేదు.

లెవెటిరాసెటామ్ అనే ఫిట్స్ మాత్ర మొదలుపెట్టారు. ఈ మాత్రతో కోపం పెరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు. నేను ముందు నుంచీ కోపిష్టినే కాబట్టి రెండు నెలలు ఎవరూ తేడా కనిపెట్టలేదు. ఒక మీటింగులో ఒకమ్మాయి నా మాటలకు ఏడ్చాక నాకే భయమేసింది. డాక్టర్ని అడగకుండా మాత్రలు తగ్గించాను, తర్వాత మానేశాను. పన్నెండో రోజు లిఫ్ట్ ముందు పడిపోయాను. ఈసారి పెద్ద ఫిట్స్. తెలివొచ్చేసరికి నాలుక తెగి ఉంది, బట్టలు తడిసి ఉన్నాయి, గుప్పిట్లో తాళాల గుత్తి. పెట్టింది మల్లేశం.

అక్కడే నేల మీద కూర్చుని అతన్ని కోప్పడ్డాను. ఇవి నేను మాత్రలు మానేస్తే వచ్చాయి, ఇనుముతో ఫిట్స్ తగ్గవు, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఎన్ని నిమిషాలైందో చూడాలి, ఐదు దాటితే అంబులెన్స్ పిలవాలి.

అతను అంతా విన్నాడు. "నాకు తెల్వక పెట్టిన. నీకన్నీ ఎరుకనే కదమ్మా, మరి గోలీలు ఎందుకు బంద్ జేసినవు?"

అప్పుడు నేను చెప్పినదాన్ని అతను మా వీధిలోని వాచ్‌మన్లందరికీ నేర్పాడు.

మాత్ర మార్చారు. పద్నాలుగు నెలలుగా ఫిట్స్ లేవు. ఆఫీసు క్యాబ్‌లో వెళ్తున్నాను. మిగతా నలుగురూ టూర్‌కు వెళ్లొచ్చారు. ఫెర్రీ డెక్ మీద దిగిన ఫొటో గ్రూపులో పెట్టారు, చూసి ఫోన్ బోర్లించాను. రమణగారికి మూడో సర్జరీ అయింది. మోకాలు పూర్తిగా వంగదు, మెట్లెక్కాలంటే మనిషి సాయం కావాలి. ఇది రాస్తానని మెసేజ్ పెడితే ఒక్క ముక్క జవాబిచ్చారు: "వాచ్‌మన్ సంగతి వదిలేయకండి."

వదల్లేదు. ఇప్పుడు మీ వంతు. రోజూ మిమ్మల్ని చూసేవాళ్లను అడగండి: ఇంట్లోవాళ్లను, ఇంటి పనికి వచ్చే ఆమెను, ఆఫీసులో పక్క సీటు వాళ్లను. నేనెప్పుడైనా మాట మధ్యలో ఆగిపోయానా, పిలిస్తే పలకలేదా అని. ఒక్కరు అవునన్నా వాదించకండి. ఆ మనిషినే వెంటబెట్టుకుని న్యూరాలజీ ఓపీకి వెళ్లండి, చూసింది చూసినట్టు డాక్టరుకు చెప్పనివ్వండి. ఆయన సరేననేదాకా బండి ఎక్కకండి. ఈరోజే అడగండి.