గొడుగుతో బావికి గాలి పోసిన మామ

గొడుగు మామ అంటే చుట్టుపక్కల తెలియనివాళ్లు లేరు. బడి బావి, ఆసుపత్రి బావి, ఇటుకబట్టీ బావి, ఆయన పూడిక తీశాడంటే అడుగు అద్దంలా కనిపించాల్సిందే. చదివింది ఐదో తరగతి. అయితేనేం, ఆయన దించిన మనిషి పైకి రాకపోవడమన్నది లేదు. ఆ మాట గట్టిగా చెప్పుకోవడానికి ఆయన ఏనాడూ మొహమాటపడలేదు, పడాల్సిన పనీ లేదు.

ఒకసారి అద్దకం షెడ్డు వెనక ఏళ్ల తరబడి మూసి ఉంచిన బావి పని తగిలింది. మూత తీయగానే మామ ఎప్పటిలాగే బకెట్లో దీపం పెట్టి దించాడు. సగం లోతుకు వెళ్లేసరికి టప్పున ఆరిపోయింది.

వెంట పనికొచ్చిన బామ్మర్ది అప్పటికే నడుముకు తాడు బిగించుకున్నాడు. "గాలికి ఆరింది బావా. ఎండెక్కక ముందే దిగి తేల్చేస్తా."

"గాలికి కాదురా, గాలి లేక. దీపం బతకని చోట నువ్వు బతుకుతావా?"

"దానికేమన్నా ఊపిరితిత్తులున్నాయా, నాతో పోలుస్తావు?"

"దానికవి లేవు, నీకు బుర్ర లేదు. సరికి సరి."

షెడ్డు యజమాని పక్కున నవ్వాడు. బామ్మర్దికి రోషమొచ్చి ఒక కాలు లోపలికి వేశాడు. మామ ఒక్క ఉదుటున తాడు అందుకున్నాడు. పెళ్లయిన నాటి నుంచి కొడుకులా పెంచిన పిల్లాడు మరి. తాడు పిడికిటికి చుట్టుకుని వెనక్కి లాగాడు.

"కూర్చుని విను. పైనున్న గాలి భూమంతటికీ కప్పిన దుప్పటి. మనం వదిలింది చెట్టు తీసుకుంటుంది, చెట్టు వదిలింది మనం పీలుస్తాం. ఆ ఇచ్చిపుచ్చుకోవడం వల్లే ఇన్ని ప్రాణాలు నిలబడ్డాయి. ఈ గోతిలో ఆకు లేదు, ఎండ లేదు. కుళ్లిన చెత్త మంచి గాలినంతా తినేసింది. చెడ్డగాలి బరువు, అడుగున తిష్ఠ వేసుకుంది."

విప్పిన గొడుగును తాడుకు కట్టి దించడం, లాగడం మొదలుపెట్టాడు. పైగాలి లోపలికి, లోగాలి బయటికి. మళ్లీ దీపం దించితే ఇంకాస్త కిందికి పోయి ఆరింది. అది చూశాక బామ్మర్ది తనే వచ్చి గొడుగు తాడు అందుకున్నాడు. ఇద్దరూ చేతులు పడిపోయేదాకా లాగారు. ఈసారి దీపం అడుగు బురద దాకా వెళ్లి, తాపీగా టీ తాగేంతసేపు నిలిచి వెలిగింది.

అప్పుడు బామ్మర్దిని దించాడు. తాడు వదలకుండా "ఒరేయ్" అని పిలుస్తూనే ఉన్నాడు, లోపలి నుంచి "ఆఁ" వినబడుతూనే ఉంది.

బురద బొమ్మలా పైకొచ్చిన బామ్మర్ది గట్టు మీద కూలబడి గుండెల నిండా గాలి పీల్చాడు. "బావా, ఇందాక నేను కాలు పెట్టిన సంగతి అక్కకి చెప్పకు."

"చెప్పకపోతే నాకు అన్నం అరగదురా," అన్నాడు మామ.