విరిగిన గాలం కట్టెకు బదులు

ఆ రోజుల్లో స్వేచ్ఛ అంటే ఏమిటని నన్నెవరైనా అడిగి ఉంటే, చెరువులో గాలం వేసుకోవడమని టక్కున చెప్పేవాణ్ణి. పెద్దవాళ్ళకు భూమి, వెట్టి, లెవీ ధాన్యం లాంటి పెద్ద సంగతులు ఉండేవి. పంతొమ్మిదేళ్ళ నా కళ్ళకు మాత్రం చేపలే కనిపించేవి. (సాయుధ పోరాటం నాటి ముచ్చట చెప్పమని మనవలు అడిగినప్పుడల్లా, నేను తుపాకి పట్టుకుని అడవుల్లో తిరిగి ఉంటానని ఆశగా చూస్తారు పాపం. నేను పట్టింది వెదురు కట్టె. అదీ విరిగింది.) మాది కేసముద్రం టేషనుకు ఎడ్లబండి మీద ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న ఊరు. చెరువు కట్ట పోసింది మా తాతలు, ఏటేటా గండి పూడ్చింది మా నాయినలు, అందులో ఈదే చేప మాత్రం దొరది. గాలం కట్టె ఇంట్లో ఉందంటే దొంగసొత్తు ఉన్నట్టే లెక్క.

మా అవ్వ, అంటే మా నాయినను కన్నతల్లి, కొత్త కోడలిగా వచ్చిన ఏడాది మిరుగం నాడు తాత ఆమె కోసం చాటుగా గాలం వేశాడట. (మృగశిర కార్తె ప్రవేశించిన రోజు చేప తినకపోతే మా వైపు వానాకాలం మొదలైనట్టే కాదు.) కొర్రమట్ట పడింది. పడ్డ సంతోషం కట్ట దిగేదాకానే. దొర మనుషులు పట్టుకుని చేపను దొర ఉండే గడీ వంటింటికి, తాతను గడీ వాకిట్లోకి చేర్చారు. కట్టెను మోకాలికేసి విరిచారు. తాతను వంగబెట్టి వీపు మీద రాయి పెట్టి పొద్దుగూకేదాకా నిలబెట్టారు. ఆ తర్వాత అవ్వ చేప ముట్టలేదు. ఏటా మిరుగం నాడు ఇంగువ, బెల్లం కలిపి ఉండ చేసుకుని మింగేది. "మన చెరువుల చాప మన గాలానికి వడ్డనాడే తింట" అనేది. తాత పోయాడు గానీ, ఆ మాట మా ఇంట్లోంచి పోలేదు.

అలాంటిది, దొరల మీద తిరగబడే సంఘం ఊళ్ళోకి వచ్చింది, దొర రాత్రికి రాత్రి పట్నం పారిపోయాడు. ఆ తర్వాత మొదటి మిరుగం దగ్గరపడింది. అప్పటికి అవ్వ దగ్గుతో సగమైంది. పక్కింటివాళ్ళు వల వేసి పట్టిన పరకలు ఆకులో పెట్టి తెచ్చి ఇస్తే, చూసి సంతోషించి తిరిగి పంపేసింది. "గాలానికి వడ్డదే కావాలె. మీ తాత గాలంతోనే గద వట్టింది" అంది. నా మీద ఆమె చూపు ఆగింది. "మళ్ల మిరుగానికి నేనుంటనో పోతనో బిడ్డా" అని కూడా అంది. ఇక నా కాలు నేల మీద నిలబడుతుందా!

వెదురు అనగానే ఊళ్ళో ఎవరికైనా గుర్తొచ్చేది బుట్టల మామ. గంగారం అడవి నుంచి బొంగులు తెచ్చి గంపలు, చాటలు, ధాన్యం గుమ్ములు అల్లే మేదరి మనిషి. చుట్టం కాకపోయినా ఊరందరికీ మామే. అయితే ఆయన పుట్టి బుద్ధెరిగాక గాలం కట్టె చేసి ఎరగడు, నేను పట్టి ఎరగను. దొర చెరువు గట్టున కుర్చీ వేసుకుని పట్టే సీమ కట్టెను దూరం నుంచి చూడటమే నా చదువంతా. "మామా, దొర కట్టె లెక్కనే ఉండాలె. సన్నగ, నున్నగ, తళతళ మెరవాలె" అన్నాను. "గంత సన్నగైతె ఆగుతదారా?" అన్నాడు మామ. "దొరది ఆగుతలేదా? ఆయనకో తీరు, మాకో తీరా?" అని గదమాయించాను. ఆయన నవ్వుకుని, బొంగు పైతొక్క గీసి, కణుపులు చెక్కి, అమ్మాయి జడలా చివరకు సన్నబడేలా తీర్చి ఇచ్చాడు. ఎంత అందంగా ఉందంటే, చెరువుకు తిన్నగా పోకుండా వాడకట్టు చుట్టూ తిరిగి పోయాను. చూసిన పోరగాళ్ళందరూ అలాంటివే కావాలని మామ గుమ్మం ముందు కూచున్నారు.

మిరుగం ముందు రోజు పొద్దున్నే తూము దగ్గర మిగిలిన మడుగులో గాలం వేశాను. కాసేపటికి బెండు మునిగింది. గుంజాను. అటు నుంచి అది కూడా గుంజింది. ఫట్! నేను బురదలో కూలబడ్డాను. చేతిలో మూరెడు ముక్క మిగిలింది, తక్కిన కట్టె చేప వెనకాల నీళ్ళ మీద షికారు చేస్తూ తూము దాకా పోయి వచ్చింది. గట్టు మీద నవ్వని వాడు లేడు. బురద బట్టలతోనే మామ ఇంటికి పోయి, "ఇరిగింది. కొత్తది ఇయ్యి" అన్నాను. "ఎందుకియ్యాలె? నేను ఇరగ్గొట్టిన్నా? ఇరగ్గొట్టింది చాప. పొయ్యి దాన్నే అడుగు" అన్నాడు మామ, చేతిలోని చాట అల్లిక ఆపకుండానే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఆ మధ్యాహ్నమే గడీ వాకిట్లో సంఘం పంచాయితీ కూచుంది. పక్క ఊరి నుంచి వచ్చే సంఘం అన్న విత్తనాల పంపకం తేల్చి, "ఇంకేమన్న ఉన్నదా?" అని అడగడమే పాపమైంది. లేచి నిలబడి విరిగిన ముక్కను కత్తిలా ఎత్తి చూపించాను. గడీలో బతుకంతా వెట్టి చేసిన ముసలాయన్ని, మేం గడీ తాత అనేవాళ్ళం, సాక్ష్యానికి పిలిచాను. ఆయన గొంతు సవరించుకుని చెప్పాడు. "దొర కట్టె ఒకపారి ఇరిగింది. ఇరిగిన ముక్కలు కట్టె చేసిన కంపినీవోనికి పంపిండు. వాడు మారుమాట లేకుంట కొత్తది పంపిండు. టేషనుకు వొయ్యి మోసుకొచ్చింది నేనే." ఇంకేం కావాలి! "చూసిండ్రా! దొరకు బదులిచ్చినప్పుడు మాకెందుకియ్యరు? అందరు సమానమేనని సంఘమే చెప్పింది గద!" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. వాకిట్లో నేను జానెడు ఎత్తు పెరిగాను.

అప్పుడు బుట్టల మామ లేచాడు. ఎప్పుడూ కూచుని పనిచేసే మనిషి, నిలబడితే అంత పొడుగుంటాడని అప్పుడే చూశాను. "కంపినీవోడు దొరను చూసి ఇచ్చిండు. నేను ఎవల్ని చూసి ఇయ్యాలె? ఇదే గడీల గంప తెగినా, చాట తెగినా, ఎద్దు తొక్కినా, నన్నే తిట్టి ఉత్తగనే మళ్ల అల్లిచ్చుకున్నరు. గది వెట్టి, ఇగ చెయ్యద్దని సంఘమే చెప్పింది. ఇయ్యాల గీ పోరడు గుంజి ఇరగ్గొట్టుకుంటె ఉత్తగనే ఇయ్యమంటరా? మరి దొర పోయినట్టా, లేనట్టా?" అన్నాడు. నాకు చప్పట్లు కొట్టినవాళ్ళే ఆయన వైపు తలలూపారు. (మా ఊరి జనానికి న్యాయం ఏ పక్క నుంచి వినిపిస్తే ఆ పక్కే నచ్చుతుంది.) సంఘం అన్న తల గోక్కున్నాడు. "భూములు పంచుమను, పంచుత. గిదేంది నాయినా, నా పానం తీస్తున్నరు" అన్నాడు. చివరికి, "ఇయ్యాలె అని సంఘం చెప్పది. ఇయ్యద్దని గూడ చెప్పది" అని తేల్చాడు. ఇదేం తీర్పండీ! గోడకు చెప్పుకున్నా ఇంతకంటే మేలైన జవాబు వచ్చేది.

"అంత పరేషాన్ ఎందుకురా? నాలుగు దినాలైతె ఇంకోటి చేసుకుందువు" అన్నాడు మామ, మెత్తగానే. "మిరుగం రేపే మామా" అన్నాను. "నాకోసం కాదు. అవ్వకు..." అంటూ విరిగిన ముక్కను వెనక్కి దాచుకున్నాను. ఇందాక దాన్ని కత్తిలా ఎత్తి చూపించినందుకు నాకే సిగ్గేసింది. మామ నన్ను చూడలేదు. వాకిట్లో ఓ మూలకు చూశాడు. తాత వంగి నిలబడ్డ చోటు అదేనని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ మూల మీదుగానే నడిచి వెళ్ళిపోయాడు. నేను ఇంటికి పోతే అవ్వ అప్పటికే బెల్లం దంచుకుంటోంది. నా మొహం చూసి, "పోనీ తియ్ బిడ్డా, బెల్లం తియ్యగనే ఉంటది" అంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

మిరుగం నాడు తెల్లవారేసరికి మామ మా వాకిట్లో ఉన్నాడు. చేతిలో ఒక బొంగు. తొక్క తియ్యలేదు, కణుపులు చెక్కలేదు, మా దూడ తోక కూడా దానికంటే తిన్నగా ఉంటుంది. "ఇది నీ కట్టెకు బదులు కాదురా. నీ దానికి నేను ఇయ్య. ఇంకో పంచాయితి వెట్టినా ఇయ్య" అన్నాడు ముందుగానే. తర్వాత అవ్వ వైపు తిరిగి, "అత్తా, అప్పుడు నీ పెనిమిటికి కట్టె నరికిచ్చింది మా నాయిన. గడీల ఇరగ్గొట్టిండ్రు. దానికి బదులు ఇంకెవలిస్తరు? మేమే ఇయ్యాలె. జర ఆలిశమైంది" అన్నాడు. అవ్వ ఆ బొంగును అందుకుని, కణుపు కణుపూ తడిమింది. "గిట్లనే ఉండె" అంది.

ఆ బొంగుతో నాకు కొర్రమట్టే పడింది. ముందురోజుది కాదు, అది నా గాలం మింగి ఎక్కడో హాయిగా ఉండి ఉంటుంది. ఇది జానెడు ఉంటే ఎక్కువ. అమ్మ చింతపండు పులుసు పెట్టింది. అవ్వ ముల్లు తీసి మొదటి ముద్ద నోట పెట్టుకుని చాలాసేపు నమిలింది. మేమంతా చుట్టూ నిలబడి ఆమె నోటి వంకే చూస్తున్నాం. మామ కూడా గడప దగ్గరే ఉన్నాడు. ఆమె కంచంలోని చేపను చూసి, "గింతేనా! గీ ఇంత చాపకేనా ముసలోన్ని పొద్దుగూకేదాంక వంగవెట్టింది?" అని పకపకా నవ్వింది. నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ ముద్ద కలుపుకుంది. ముళ్ళు తప్ప కంచంలో ఏమీ మిగల్చలేదు.

ఆ మధ్య మా అల్లుడు నాకు మహబూబాబాద్‌లో ఫైబర్ గాలం కట్టె కొనిచ్చాడు. రెండోసారి వేయగానే విరిగింది. దుకాణానికి తీసుకుపోతే, "గ్యారంటీ ఉన్నది తాతా" అని ఆ అబ్బాయి నవ్వుతూ కొత్తది చేతిలో పెట్టాడు. పంచాయితీ లేదు, సాక్ష్యం లేదు. నాకు కొంచెం చప్పగా అనిపించింది కూడా. ఆ కొత్తది అటక మీద ఉంది. మామ ఇచ్చిన వంకర బొంగు మా పెరట్లో దండెంగా ఉంది. కోడలు దాని మీద తడి చీరలు వేసినప్పుడల్లా "జర పైలం, ఇరుగుతది!" అని అరుస్తాను. "గిదేం ఇరుగుతది మామా, నాకంటే గట్టిగున్నది" అంటుంది ఆమె. నిజమే. కానీ అప్పటి ఆ పంతొమ్మిదేళ్ళ పోరడు మాత్రం నాలో ఇంకా బురద బట్టలతోనే నిలబడి, సంఘం తీర్పు సరిగ్గా ఇవ్వలేదని గొణుగుతూనే ఉంటాడు. గొణగనీ అని ఊరుకుంటాను. బదులు ఎవరి కట్టెకు రావాల్సి ఉందో వాడికింకా తెలియదు కదా.