ముగ్గుపిండితో గీసిన మూడు గీతలు

నా చిన్నప్పుడు చలికీ పెట్రోలుకూ సంబంధం ఉంటుందని మా వీధిలో ఎవరూ అనుకుని ఉండరు. ఆ సంగతి నాకు తెలిసింది బంగారుపాళ్యంలో, ఒక ధనుర్మాసపు ఉదయాన, ముగ్గుపిండి డబ్బా ఒడిలో పెట్టుకుని కారులో కూర్చున్నప్పుడు.

మా నాయన ఒక మామిడితోట యజమాని దగ్గర కారు నడిపేవారు. బండి రాత్రిళ్లు మా ఇంటి ముందే ఉండేది. తెల్లవారగానే నాయన స్నానం చేసి వచ్చి, చోక్ లాగి ఇంజను వేసేవారు. అది నడుస్తూ ఉండగానే అద్దాల మీది మంచు తుడిచి, బానెట్‌కు పసుపు కుంకుమలు పెట్టి, కర్పూరం వెలిగించి హారతి ఇచ్చేవారు. బండి వేడెక్కడం, పూజ పూర్తికావడం ఒకేసారి జరగాలన్నది ఆయన నియమం; చలికాలంలో బండి ఆలస్యంగా వేడెక్కేది కాబట్టి పూజా అంతసేపు సాగేది. తనకు డ్రైవింగు నేర్పిన గురువు దగ్గర ఆయన ఆ పద్ధతి నేర్చుకున్నారు.

ఆ చలికాలంలో ఒకరోజు యజమాని మా గుమ్మం ముందు నిలబడి, వీధి అంతా వినేటట్టు అడిగారు. "ఎండాకాలంలో ట్యాంకు నింపితే పది దినాలు వస్తా ఉన్నింది. ఇప్పుడు వారానికే అయిపోతాండాది. మిగతాది యాడికి పోతాండాదప్పా?" నాయన తల వంచుకుని, "నాకు తెలీదయ్యా" అన్నారు. నెల తిరిగేలోగా జవాబు చెప్పకపోతే తాళాలు ఇచ్చేయమని యజమాని వెళ్లిపోయారు. పెట్రోలు దొంగ అన్న పేరు పడితే చుట్టుపక్కల మరెవరూ నాయన చేతికి స్టీరింగు ఇవ్వరని నాకూ అర్థమైంది. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదు.

పక్కింటి అక్క ఇంటి ముందు పొయ్యి పెట్టి ఇడ్లీలు అమ్మేది. పెట్రోలు ఎక్కడికి పోతోందని నేను ఆమెనే అడిగాను. మరునాడు పొద్దున్నే నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి, ఒక్కొక్క వాయి ఇడ్లీ ఉడకడానికి ఎన్ని కట్టెలు పడుతున్నాయో లెక్కపెట్టమంది. మొదటి వాయికి పట్టిన కట్టెల్లో సగమే రెండో వాయికి సరిపోయాయి.

"పాత్ర అదే, పిండి అదే. మొదటి వాయికి నా కట్టెలు ఎవురు ఎత్తకపోయినారో చెప్పు పాపా" అంది అక్క.

నేను చాలాసేపు ఆలోచించాను. రాత్రంతా చల్లబడిన పొయ్యి రాళ్లు, పాత్ర, నీళ్లు కాగడానికే ఆ కట్టెలు ఖర్చయ్యాయని తోచి, అదే చెప్పాను. అక్క నవ్వి, హారతి ఇస్తున్న నాయన వైపు తిరిగింది. "ఏమన్నా, హారతి తీసుకునేటప్పుడు సామి గుర్రు పెడతానే ఉండల్లనా? ఆ ఇంజను ఆపితే కుంకం అంటదా?"

నాయనకు మొదట కోపం వచ్చింది. తరువాత ఆయన కర్పూరం ఆరేదాకా కారు వైపే చూస్తూ నిలబడిపోయారు. ఆ సాయంత్రం యజమాని దగ్గరకు వెళ్లి, మెకానిక్కులు మైలేజీ చూసే పద్ధతిలో పరీక్ష పెడతానని, ఆయనే పక్కన కూర్చోవాలని అడిగారు. ఇంజనుకు ట్యాంకు నుంచి కాకుండా ముందు సీటు దగ్గర వేలాడదీసిన ఒక సీసా నుంచి పైపు తగిలించి, సరిగ్గా లీటరు పెట్రోలు పోసి, బండి ఆగేదాకా నడపడమే ఆ పద్ధతి. ఆగిన చోట గుర్తు పెట్టే పని నాకు అప్పగించారు.

మొదటిరోజు అంతా అలవాటు ప్రకారమే జరిగింది. హారతి ముగిసేసరికే సీసాలో మూడో వంతు తగ్గిపోయింది. కారు ఊరు దాటి కొద్దిదూరం పోయి ఆగింది. నేను దిగి రోడ్డు అంచున ముగ్గుపిండితో గీత గీశాను. వేరే డబ్బాలో వెంట తెచ్చిన పెట్రోలుతో ఇంటికి తిరిగి వచ్చి, ఇంజను వేడిగా ఉండగానే సీసాలో మరో లీటరు పోసి అదే దారిన బయలుదేరాము. నా గీత వెనక్కి వెళ్లిపోయింది, ఆ తరువాత మామిడిగుజ్జు ఫ్యాక్టరీ గేటు కూడా వెళ్లిపోయింది. యజమాని సీసాను, రోడ్డును మార్చి మార్చి చూస్తున్నారు. గేటు దాటి చాలా దూరం పోయాక రెండో గీత పడింది.

మరునాడు ఉదయం నాయన పూజ ముందే ముగించి, చల్లటి ఇంజను వేసి, వెంటనే బయలుదేరారు. మూడో గీత ఆ రెండింటి నడుమ పడింది.

నాయన కారు దిగి ఆ నడిమి గీత దగ్గర నిలబడ్డారు. "ఈడి నుంచి ఆ దూరం గీతకు మధ్య ఉండేది సలి తిన్నిందయ్యా. ఇంటి దిక్కు గీత నుంచి ఈడికి ఉండేది మాత్రం నాది. ఇంజను ఊరికే తిప్పి నేనే పోగొట్టినాను." దొంగ అన్న మాట తొలగిపోయిన క్షణంలోనే, ఎవరూ అడగకుండా, ఆయన తన తప్పును అంతే స్పష్టంగా ఒప్పుకున్నారు.

"తాళాలు నీ దగ్గరే ఉండనీ అప్పా. నేను గూడా వీధిలో నిలబడి అడక్కుండా ఉండాల్సింది" అని యజమాని కారెక్కారు. ఆ తరువాత నాయన హారతి మానలేదు. ఇంజను ఆపి ఇచ్చేవారు. అక్క ఇడ్లీలు అందిస్తూ, "సామి ఇప్పుడు నిమ్మళంగా నిద్రపోతాండాడు" అనేది.

మా కుటుంబంలో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. సైన్సు ఉపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను. చలికి చిక్కబడే ఇంజను నూనె, చోక్ వల్ల ఎక్కువగా పడే పెట్రోలు, ఇంజను కాగేలోపే ముగిసిపోయే చిన్న ప్రయాణాలు, వీటన్నిటినీ పుస్తకాల్లో చదివింది ఆ రోజుకు చాలా ఏళ్ల తరువాత. మొన్న పలమనేరు చలిలో మా మనవరాలు తన కారు తెరమీద మైలేజీ తగ్గిందని చూసి, బంకువాళ్లు మోసం చేశారంది. బండి ఎంతసేపు నడిచిందని మాత్రమే అడిగాను.

ఎక్కడ ఏది తక్కువ పడినా, ఎవరు తీశారన్న ప్రశ్న నా నాలుక మీదికి ముందుగానే వస్తుంది. అప్పుడు నాయన నిలబడిన ఆ నడిమి గీత కళ్ల ముందు కనిపిస్తుంది. అటువైపు ఎంత, ఇటువైపు ఎంత, అందులో నాది ఎంత అని చూసుకున్నాకే నోరు తెరుస్తాను.