ఒక్క కార్డు, ఇద్దరు వియ్యపురాళ్ళు

మా ఇంట్లో సర్కారు నౌకరీ చేసిన మనిషి ఒక్కతే, మా యారాలు. నా భర్తకు అన్న భార్య. నేను అక్కా అని పిలుస్తాను. పంజాగుట్టలో ఒక సందులో రెండు గదుల ఇంట్లో మా అత్తతో కలిసి అందరం ఉండేవాళ్ళం. మా ఆయన మైత్రీవనం దగ్గర ఇడ్లీ బండి నడిపేవాడు. కంప్యూటర్ కోర్సులకు వచ్చిన పిల్లలు పొద్దున్నే ఒక చేత ప్లేటు, ఒక చేత జిరాక్స్ కాగితాలు పట్టుకుని బండి చుట్టూ మూగేవాళ్ళు. వాళ్ళ పుణ్యాన మా పొయ్యి ఆరింది లేదు.

అక్కకు ఆ నౌకరీ ఎట్లా వచ్చిందో చెప్పాలి. మా బావ సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో అటెండరుగా ఉండగానే పోయాడు. ఆ నౌకరీ ఇంట్లోవాళ్ళకు ఇస్తామన్నారు. చిన్నకొడుక్కి ఇప్పించమని చుట్టాలందరూ మా అత్త చెవిలో పోరారు. చిన్నకొడుకంటే మా ఆయనే. అత్త ఒక్కటే మాట అంది: "గాజులు తీసింది ఎవలు? కొలువు సుత గా పిల్లదే." అప్పటిదాకా గడప దాటని అక్కను తనే ముందుండి ఆఫీసు గేటు దాకా తీసుకుపోయింది. నెలరోజులు సాయంత్రం అదే గేటు దగ్గర కూర్చుని వెంటబెట్టుకు వచ్చింది. మా ఆయన మొహం కొన్నాళ్ళు ముడుచుకునే ఉంది. తర్వాత ఇడ్లీ బండి పెట్టాడు, మరిచిపోయాడు.

అక్కకు అరవై నిండి నౌకరీ నుంచి దిగిపోయే ఏడు మా అత్తకు కళ్ళు తిరిగి పడిపోవడం మొదలైంది. గుండె మెల్లగా కొట్టుకుంటోందట. లోపల బ్యాటరీ పెట్టాలన్నాడు డాక్టరు. దానికయ్యే ఖర్చు విని మా ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. అత్త మాత్రం, "నాకెందుకు బిడ్డా బ్యాటరీ? నేనేమన్న టార్చిలైటునా?" అంది.

అప్పుడు అక్క చెప్పింది, దిగిపోయేవాళ్ళకు ఆరోగ్య కార్డు ఇస్తారని. అందులో పేరుంటే పెద్దాసుపత్రిలో కూడా మన చేతి నుంచి పెట్టక్కర్లేదు. కానీ ఒక మెలిక. నౌకరీ చేసే ఆడమనిషి తన కన్నవాళ్ళనైనా రాయించుకోవచ్చు, అత్తమామలనైనా రాయించుకోవచ్చు. రెండు పక్కలా కుదరదు. ఒకసారి రాయిస్తే మార్చేది లేదు.

అక్క తల్లి బాలానగర్‌లో కొడుకు దగ్గర ఉండేది. ఆమెకు రెండు కళ్ళలోనూ పొరలు. అక్క ఎవరినీ ఏమీ అడగలేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "అత్తమ్మా, రేపు ఫోటో దిగాలె. తెల్లచీర తీసిపెట్టుకో" అంది. అత్త సరేనంది. అక్క అటు తిరగగానే మా ఆయనను పిలిచి, "బాలానగర్ పోయి వదినెను తోలుకరా. బిడ్డ కార్డు ఇప్పిస్తున్నదని చెప్పు" అని పంపింది. అక్క తల్లిని అత్త వదినె అనే పిలిచేది.

మర్నాడు అమీర్‌పేట స్టూడియోలో ఇద్దరు ముసలమ్మలూ ఎదురుపడ్డారు. ఆ వియ్యపురాళ్ళ సంగతి మాకు తెలిసిందే. పెళ్ళినాడు భోజనాల బంతిలో మొదలుపెట్టిన మర్యాద ఆనాటికీ వదల్లేదు. ఒకరు ముద్ద ముట్టనిదే ఇంకొకరు ముట్టరు. మీరు ముందంటే మీరు ముందని అన్నం చల్లారిపోయేది. ఇప్పుడు కార్డు ఫోటోకు అక్క పక్కన ఒక్కటే కుర్చీ.

"మీరు కూసోండి వదినె."

"అయ్యో, మీరుండంగ నేనా? మీరే కూసోండి."

"మీ కడుపున పుట్టింది, మీరే ఉండాలె."

"మీ ఇంట్ల బతికింది, మీరే!"

బయట పాస్‌పోర్టు ఫోటోల కోసం నిలబడ్డ పిల్లలు నవ్వుతున్నారు. "జర జల్దీ అమ్మా, లైనున్నది!" అని ఫోటో ఆయన మొత్తుకున్నాడు. మా అత్తను రెండు భుజాలూ పట్టి కుర్చీలో అదిమి, అక్క తల్లి వెళ్ళబోతోంది. అత్త ఆమె కొంగు లాగింది. ఆమె తూలి కూతురి భుజం పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ వెలిగింది. మధ్యలో అక్క, అటూ ఇటూ ఇద్దరు తల్లులు.

ఫోటోలో ఇద్దరూ పడ్డారు కదా, చూసి ఇద్దరినీ రాస్తారేమో అని నేనే అన్నాను. నా తెలివి అంత. నలుగురం అదే ఫోటో పట్టుకుని కార్డుల ఆఫీసుకు పోయాం.

కౌంటరులో కోస్తా వైపు ఆయన. కళ్ళజోడు పైకి తోసుకుని చూశాడు. "ఏంటమ్మా ఇది? ఒక్కరే ఉండాలి. ఒకరిని కత్తిరించాల్సిందే." సొరుగులోంచి కత్తెర తీశాడు. "ఎవరిని తీసెయ్యమంటారు?"

"నన్ను" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

ఆయన కత్తెర కింద పెట్టాడు. "పేరు రాయమని పోట్లాడుకునేవాళ్ళను రోజూ చూస్తానండీ. ఇదేంటి, కొట్టెయ్యమని పోట్లాట?"

మా అత్త కౌంటరు పట్టుకుని, "సారూ, నాది అయిపోయిన బతుకు. ఆమెకు చూపు లేదు, ఆమెను రాయుండ్రి" అంది. అంతలోనే ఆమె మొహం పాలిపోయింది. నేను పట్టుకుని స్టూలు మీద కూర్చోబెట్టాను. అక్క తల్లికి సరిగా కనపడలేదు గానీ, స్టూలు చప్పుడు వినపడింది. వెంటనే గొంతు పెంచింది: "నాకు కార్డున్నది సారూ! నా కొడుకు ఫ్యాక్టరీల ఇచ్చిండ్రు. నాకు రెండు కార్డులెందుకు?"

అక్క ఏదో అనబోయింది. తల్లి కూతురి చెయ్యి పట్టుకుని గట్టిగా గిచ్చింది. నేను చూశాను. అక్క నోరు మూసుకుంది. ఆ ఫ్యాక్టరీకి తాళం పడి ఎన్నాళ్ళో అయిందని అక్కకు తెలుసు, నాకూ తెలుసు. మా అత్తకే తెలియదు. కౌంటరాయన మా నలుగురి మొహాలూ చూసి కత్తెర మళ్ళీ అందుకున్నాడు. మెల్లగా, బట్ట కత్తిరించినట్టు కత్తిరించాడు. ఫోటోలోంచి అక్క తల్లి పోయింది గానీ, అక్క భుజం మీద ఆమె చెయ్యి మిగిలిపోయింది. "పోన్లెండి, ఉండనివ్వండి" అని ముద్ర వేశాడు.

కార్డు వచ్చింది. బంజారా హిల్స్ వైపు ఆసుపత్రిలో మా అత్తకు బ్యాటరీ పెట్టారు. అక్కడ నర్సు కార్డు చూసి అడిగింది, "ఈ చెయ్యెవరిది?" అని. "మా వదినెది" అని గొప్పగా చెప్పింది అత్త.

ఇంటికొచ్చాక ఒకరోజు మా ఆయన నోరు జారి ఫ్యాక్టరీ సంగతి అనేశాడు. తెల్లారి అత్త చీర మార్చుకుని నన్ను వెంటబెట్టుకుని బాలానగర్ పోయింది. వదినెను మా ఇంటికి తెచ్చి పెట్టుకుంది. ఎక్కడెక్కడో అడిగి, డబ్బు తీసుకోకుండా కళ్ళ ఆపరేషన్ చేసేచోట పేరు రాయించింది.

ఆపరేషనయ్యాక కంటికి పట్టీతో వదినెను తీసుకొస్తుంటే అమీర్‌పేటలో బస్సు దిగాం. కోర్సుల పిల్లలు ఎదురు ప్రవాహంలా వస్తున్నారు. నేను చెయ్యి పట్టుకోబోతే అత్త నన్ను పక్కకు తోసింది.

"నేను ముందు నడుస్త వదినె. మీరు నా భుజం పట్టుకోండి" అంది.

వదినె ఈసారి మీరు ముందంటే మీరు ముందని అనలేదు. చెయ్యి చాపి భుజం పట్టుకుంది. అత్త దారి ఇయ్యుండ్రి, దారి ఇయ్యుండ్రి అని అరుస్తూ మా సందు దాకా నడిచింది.